నా ఫైలు నేనే పెట్టుకుంటాను

నాకు ముక్కు మీద కోపం. ఆపరేషన్ థియేటర్ నర్సుని కాబట్టి డ్యూటీలో ఆ కోపాన్ని మాస్కు వెనక దాచేదాన్ని. ఇంటికొచ్చి లాప్‌టాప్ మూత తెరిచాక మాత్రం అది దాగేది కాదు.

ఆ రోజుల్లో ఢిల్లీలో మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. వేరే భాషవాళ్ళ చర్చిలో, వాళ్ళ ఆరాధన ముగిశాక, ఆదివారం మధ్యాహ్నం మాకు హాలు ఇచ్చేవారు. మాలో సగం మంది ఆసుపత్రుల వాళ్ళం, తక్కిన వాళ్ళు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు. పాటల పుస్తకాలు అందరికీ చాలేవి కావు. అందుకని నేను పాటల్ని తెలుగులో టైపు చేసి ప్రొజెక్టరుతో గోడ మీద వేసేదాన్ని. మా ఆయన గుడ్‌గావ్ ఆఫీసులో పక్కన పడేసిన పాత లాప్‌టాప్ ఒకటి ఆ పనికి ఉపయోగపడేది.

ఆ గోడ అందరికంటే ఎక్కువ కావలసింది నాతో పనిచేసే నర్సు వాళ్ళమ్మకి. మేమంతా ఆంటీ అనే పిలిచేవాళ్ళం. మనవరాలిని చూసుకోవడానికి నరసాపురం నుంచి వచ్చింది. చెవులు దాదాపు వినబడవు. హిందీ రాదు, ఇంగ్లీషు అక్షరం ముక్క తెలియదు. వారమంతా లక్ష్మీ నగర్ ఫ్లాట్‌లో ఆవిడతో ఎవరూ నాలుగు మాటలు మాట్లాడేవారు కాదు. అరిచి చెప్పే ఓపిక ఎవరికుంది? ఆదివారం మాత్రం ముందు వరసలో నిలబడి, గోడ మీద అక్షరాలు చదువుకుంటూ గొంతెత్తి పాడేది. శ్రుతి, తాళం దేని దారి దానిదే. అయినా ఆవిడ మొహం చూస్తే నాకు డ్యూటీ అలసట తీరిపోయేది.

ఇక ఆ లాప్‌టాప్ సంగతి. అందులో తెలుగు సరిగ్గా కనబడేది కాదు. ఒత్తులు అక్షరం కిందికి దిగకుండా పక్కన విడిగా నిలబడేవి. కంప్యూటర్లో అక్షరాలు కూర్చే ఫైలు ఒకటుందనీ, దాన్ని తీసేసి కొత్త రకం పెడితే ఒత్తులు దిగుతాయనీ ఇంటర్నెట్‌లో ఒక తెలుగువాళ్ళ గుంపు చెప్పింది. భయపడుతూనే పెట్టాను. తెలుగు అక్షరాలు చక్కగా, నిండుగా వచ్చాయి. వంటింట్లో ఉన్న మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లో అప్‌డేట్ దిగింది. నేను పెట్టిన ఫైలు తీసి అవతల పారేసి, దాని పాత ఫైలు అది పెట్టుకుంది. ఒత్తులు మళ్ళీ పక్కకి. నేను మళ్ళీ నా ఫైలు పెట్టాను. అది మళ్ళీ తీసేసింది. పైగా మూలన ఒక బుడగలో, మీ కంప్యూటర్ ఇప్పుడు క్షేమంగా ఉంది అని ఒక కబురు.

నాకు ఒళ్ళు మండింది. మా థియేటర్లో చిన్న గడ్డ కొయ్యాలన్నా పేషెంటుకి విషయం చెప్పి, సంతకం తీసుకుని గానీ కత్తి ముట్టుకోం. నా మిషన్‌ని నేను లేని వేళ తెరిచి, లోపలి భాగం మార్చి, కుట్లు వేసి పోయారు. అడిగిన పాపాన పోలేదు. ఇదంతా నా మంచికేనట! నా మంచి నాకు తెలియదా? అప్‌డేట్లు ఆపేస్తే ఎర్ర గుర్తు వెలిగించి ప్రమాదం, ప్రమాదం అని బెదిరించేది. ఎర్ర లైటు చూసి భయపడే ఉద్యోగమా నాది?

కేబుల్ భయ్యాని పిలిచి ఈ లాప్‌టాప్‌కి ఇంటర్నెట్ తీగ తీసెయ్యమన్నాను.

"దీదీ, ఇంటర్నెట్ లేకుండా కంప్యూటర్ ఏం చేస్తుంది?" అన్నాడు.

"పాటలు చూపిస్తుంది. ఠీక్ హై?" అన్నాను.

తీగ పెట్టే కంతలో దూది కుక్కి, పైన ఆసుపత్రి ప్లాస్టర్ అడ్డంగా అంటించాను. ఆపరేషన్‌కి ముందు పేషెంటు మంచానికి నోటితో ఏమీ ఇవ్వకూడదని బోర్డు తగిలిస్తాం కదా, అలాంటి చీటీ ఒకటి రాసి మూత మీద అతికించాను. చెల్లెలి మెయిళ్ళు చదవాలంటే నెట్ సెంటరుకి నడిచేదాన్ని. నడిస్తే నడిచాను.

మా సంఘం సెక్రటరీ గారు ఒక మంత్రిత్వ శాఖలో అధికారి. నెమ్మదస్తులు. చర్చి అయ్యాక నన్ను పక్కకి పిలిచారు.

"సిస్టర్, ఎందుకీ అవస్థ? పాటలు ఇంగ్లీష్ లెటర్స్‌లో వేసేద్దాం. మన పిల్లలకి కూడా ఈజీ. కమిటీలో అందరూ ఓకే అన్నారు."

"ఆంటీ ఎలా పాడతారండీ?"

"ఆవిడ ఒక్కరే కదా."

వార్డులో ఒక్క పేషెంటే ఉన్నాడని నర్సు ఇంటికి పోతుందా? ఆ మాటే పైకి అనేశాను. ఆయన మొహం ఎర్రబడింది. "ఈస్టర్ వరకు చూద్దాం. అప్పటికీ ఈ ట్రబుల్ ఉంటే మార్చేద్దాం సిస్టర్" అన్నారు. సరేనన్నాను. నా దూది మీద, నా ప్లాస్టర్ మీద నాకు అంత నమ్మకం.

గుడ్ ఫ్రైడే నాడు నాకు డ్యూటీ పడింది. లాప్‌టాప్ సెక్రటరీ గారికి ఇచ్చి పంపాను. ఈస్టర్ ఆదివారం డ్యూటీ దిగి తిన్నగా చర్చికి చేరేసరికి అందరూ నిలబడి ఉన్నారు. గోడ మీద ఖాళీ సమాధి, వెనక సూర్యోదయం, రంగురంగుల బొమ్మ. దాని మీద నా పాట ముక్కలు ముక్కలుగా పడి ఉంది. క్రీస్తు పేరు కూడా విరిగిపోయింది.

పాట వచ్చినవాళ్ళు కంఠతా పాడుతున్నారు, రానివాళ్ళు పెదాలు కదుపుతున్నారు. ముందు వరసలో ఆంటీ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి, పెట్టుకుని, గోడకేసి చూసి, మళ్ళీ తీసి తుడుస్తోంది. లోపం తన కళ్ళదే అనుకుంటోంది పాపం. చివరికి కూర్చుండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. దాని వెంటే కోపం కూడా వచ్చింది.

"బొమ్మ కోసం నెట్ పెట్టాను సిస్టర్. ఏదో ఇంపార్టెంట్ అని వచ్చింది, ఓకే నొక్కాను" అన్నారు సెక్రటరీ గారు చిన్నగా. ఆఫీసులో ఇంపార్టెంట్ అని రాసి ఉన్న ఏ కాగితాన్నీ ఆపి ఎరగని మనిషి. ప్లాస్టర్ ఆయన జేబులోనే ఉంది, జాగ్రత్తగా మడిచి.

పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్ళి, "అయ్యగారూ, ఒక ప్రార్థన చేయండి. కొంచెం పొడుగ్గా" అన్నాను. ఆయన నా మొహం చూసి మారు మాట్లాడకుండా కళ్ళు మూసుకున్నారు.

సంఘమంతా తల వంచింది. నా హ్యాండ్‌బ్యాగులో పెన్ డ్రైవ్ ఉంది, అందులో ఆ ఫైలు ఉంది. లాప్‌టాప్ ఆపి మళ్ళీ తెరిచాను. గోడంతా నల్లబడింది. అయ్యగారు దేశాన్ని ఏలేవాళ్ళ కోసం ప్రార్థించారు, సరిహద్దులో సైనికుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించారు. నేను పాత ఫైలు తీసి నాది పెట్టాను. వెంటనే గోడ మీద ఇంత పెద్ద హెచ్చరిక పడింది. గుర్తు తెలియని ఫైలు వచ్చి చేరింది, మీ కంప్యూటర్ దెబ్బతినవచ్చు, నిజంగా ఇదే ఉంచుకుంటారా అని.

గుర్తు తెలియని! మా ఆసుపత్రిలో రోడ్డు మీద పడి ఉన్న మనిషిని తెస్తే రాసే మాట అది. కోట్ల మంది చదివే అక్షరాలు దీనికి గుర్తు తెలియవట.

"సిస్టర్, వద్దంటోంది కదా" అని గొణిగారు సెక్రటరీ గారు, ఒక కన్ను తెరిచి.

"వద్దనడానికి అదెవరండీ?" అన్నాను. ప్రార్థనలో ఉన్నామని మరిచిపోయి కాస్త గట్టిగానే అన్నాను. ఉంచుకుంటాను అన్న మీట నొక్కాను.

మిషన్ ఇంకోసారి ఆరిపోయి మళ్ళీ లేచేసరికి అయ్యగారు ఢిల్లీ నీటి కొరత దాకా వచ్చారు. పాట తెరిచాను. ఒత్తులన్నీ వాటి చోట అవి కూర్చున్నాయి. అయ్యగారు నావైపు చూసి ఆమెన్ అన్నారు.

అందరూ మొదటి చరణం ఎత్తుకున్నారు. ఆంటీ తలెత్తింది. కూర్చున్న బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది. మిగతావాళ్ళ కంటే అరమాట వెనక, అందరికంటే గట్టిగా మొదలుపెట్టింది. చివరి చరణం అయిపోయి అందరూ ఆపేశారు. ఆవిడకి వినబడలేదు. గోడ మీద అక్షరాలున్నాయి కాబట్టి అదే చరణం మళ్ళీ పైనుంచి అందుకుంది, ఒక్కతే. తరవాతి పాట వెయ్యమని సెక్రటరీ గారు చేత్తో సైగ చేశారు. నేను స్లైడ్ మార్చలేదు.