గృహప్రవేశాల ఆవు

నిజం చెప్పాల్నంటే మాకు ఆవును సాకే అక్కర లేకుండె. మా ఆయనకు ఉప్పల్ దిక్కు సర్కారు ల్యాబ్‌ల నౌకరి, నెల తిరిగితే జీతం. నాచారంల ప్లాటు కొని రెండర్రలు ఏసుకున్నంక ఎనక కొంచెం జాగ మిగిలింది. నాకేమో చిన్నప్పటి సంది ఆవంటే పానం. గట్ల ఒక తెల్లావు, దాని దూడ మా ఇంటికొచ్చినయ్. పాలు మా మట్టుకే. అమ్ముడు లేదు, గిమ్ముడు లేదు.

మా గోడ పక్కనే ఒక అక్క ఉండె. రేకుల కొట్టం, ఆరు బర్రెలు. మొగడు పోయిండు, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు. పొద్దుమాపు పాలు పిండి అమ్ముడే ఆమె బతుకు. సాయంత్రం అయిదు కొట్టంగనే గిన్నెలు, క్యాన్లు పట్టుకొని జనం ఆమె వాకిట్ల నిలబడేటోళ్ళు. కండ్ల ముందట పిండితేనే కొంటరు గద! ఆమె బర్రెలకు పేర్లు గిట్ల ఏం లేకుండె. నేనేమో మా ఆవు మెడకు గజ్జెలు కట్టి, నొసట బొట్టు పెట్టి, గంటలు గంటలు ముచ్చట పెట్టేదాన్ని. నల్లా కాడ నలుగురు కలిస్తే చాలు, "మేం యాపారానికి సాకుతలేమమ్మా, ప్రేమతోని సాకుతున్నం" అని అక్క ఇనేటట్టే అనేదాన్ని. నా నోరు గసొంటిది. అక్క బిందె ఎత్తుకొని పోయేది.

తొంభైల మొదట్ల మా దిక్కు ఏడ సూసినా కొత్తిండ్లే. నాచారం, మల్లాపూర్, కాప్రా దాకా గోడలు లేస్తున్నయ్. గృహప్రవేశమంటే ఇంటోళ్ళకన్న ముందు ఆవూ దూడా గడప దాటాలె. బర్రెలు మస్తున్నయ్ గని బర్రె పనికి రాదు. ఇంకేంది, ముహూర్తం పెట్టుకున్నోళ్ళందరు మా ఇంటికే! పైసలిస్తమంటే "ఛీ ఛీ, దేవుని పనికి పైసలా" అనేదాన్ని. లోపలికి పోయినంక మా ఆవు పేడ ఏసిందంటే ఇంటోళ్ళ సంబురం సూడాలె. నేనే ఆ ఇల్లు కట్టినట్టు ఉబ్బిపోయేదాన్ని.

ఆ మాఘమాసంల శనివారం మూడిండ్లు, ఆదివారం నాలుగిండ్లు తిప్పిన. ప్రతి ఇంట్ల బెల్లం, అరటిపండ్లు, నానబెట్టిన బియ్యం. పుణ్యమొస్తదని వచ్చినోళ్ళంత తలా ఒక దోసెడు పెట్టిన్రు. ఆఖరింటోళ్ళయితే తాంబాలం నిండ తెచ్చి ముందట పెట్టిన్రు. నా మొకం మండ, నేను వద్దనలే. అది తింటుంటే మురుసుకుంట నిలబడ్డ.

మధ్యాహ్నం మూడింటికల్ల ఆవు కూలబడ్డది. ఎడమ డొక్క డప్పు లెక్క ఉబ్బింది. పండ్లు పటపట కొరుకుతున్నది, కండ్లెంబడి నీళ్ళు. మా ఆయన స్కూటర్ మీద పశువుల దవాఖానకు ఉరికిండు. ఆదివారమాయె, బంద్; ఉత్త చేతులతోని మర్లొచ్చిండు. నేను దాని తల పైకెత్తి అల్లం రసం పోస్తుంటే గోడ అవతల నుంచి కేక ఇనబడ్డది.

"ఆపు సెల్లె! తల గంత ఎత్తితే ఊపిరితిత్తులల్లకు పోతది!"

అక్క వచ్చింది. వచ్చి ముందుగాల ఆవును సూడలే. ఎనకకు పోయి పేడ సూసింది, ఏలుతోని తీసి వాసన సూసింది.

"నిన్నటి సంది పల్చగ ఏస్తలేదా? పుల్లటి వాసనొస్తలేదా?"

"నేనే ఎత్తుతున్నక్కా... సూడలే."

"బియ్యం తినిపిచ్చిన్రా?"

"ఏడిండ్లల్ల."

"ఏడిండ్లల్లనా! సంపుదామనుకున్నవా ఏంది దాన్ని?"

ఇగ ఆమె చేతులు ఆగలే. తినే సోడా నీళ్ళల్ల కలిపి సీసతోని కొంచెం కొంచెం తాగిపిచ్చింది. ఏపకట్టె నోటికి అడ్డం కట్టింది, నములుతుంటే గాలి ఎల్తదట. మా ఆయనను తోక కాడ, నన్ను మెడ కాడ పెట్టి లేపిచ్చి, ముంగటి కాళ్ళు వాకిట్ల మొరం మట్టి కుప్ప మీదికి ఎక్కిపిచ్చింది. రెండు పిడికిళ్ళతోని డొక్క పిసుకుతనే ఉన్నది. చెవి ఆనిచ్చి ఇనుడు, మల్ల పిసుకుడు. అంత పెద్ద సదువు సదివిన మా ఆయన ఆమె చెప్పిన పనల్ల చేసిండు.

అయిదైంది. గోడ అవతల బర్రెలు అరుసుడు షురూ చేసినయ్. ఆమె చెయ్యి తప్ప అవి ఇంకొకరికి పాలియ్యవు. గిన్నెలు పట్టుకొని వచ్చినోళ్ళు పిలుస్తున్నరు.

"అక్కా, నీ పాలు..." అన్న.

"ఉండనీ." అంతే, తల గూడ తిప్పలే.

పిలిచి పిలిచి వాళ్ళు పోయిన్రు. పొద్దు గూకే ముందట మా ఆవు పెద్దగ తేన్పింది. ఆ వాసన నేను జన్మల మర్సిపోను గని, అక్క మాత్రం పకపక నవ్వింది. తెల్లారి అది పండుకొని నెమరేస్తుంటే నేను గోడకు ఒరిగి ఏడ్సిన. అక్క సూడనీకి వస్తే రెండు చేతులు పట్టుకున్న.

"నిన్ను యాపారమని ఎన్ని సార్లు ఎత్తిపొడిసిన్నో అక్కా."

"యాపారమే సెల్లె. బర్రె సస్తే నా పిల్లలకు బువ్వ లేదు. గందుకే లేవంగనే ఆరు బర్రెల పేడ సూస్త, ఆరు బర్రెల కండ్లు సూస్త. నీకు గా భయం లేదు, గంతే."

ప్రేమ ప్రేమ అని ఊరంత చాటుకున్నదాన్ని, రెండు దినాలు దాని కడుపుల ఏమైతున్నదో సూడలే. ఆ భయంతోని ఆరు పానాలను కాపాడుకుంటున్న మనిషి ముందట నేనెంత?

పది దినాలకు నల్లా కాడ ఒకామె చెప్పింది. ఆ ఆదివారం పాలు దొరకక నాలుగిండ్లోళ్ళు ప్యాకెట్ పాలకు మారిన్రట, మల్ల రాలేదట. అక్క నాతోని ఒక్క ముక్క అనలే. బిందె ఆడనే ఇడ్సిపెట్టి ఉరికిన. ఆమె బర్రె కింద గొంతు కూసోని పాలు పిండుతున్నది.

"నాలుగిండ్లు పోయినయంట గదక్కా! నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేస్తవ్? మల్లెప్పుడన్న ఆవు పడితే నన్ను పిలువనీకి ఎనకాడుతవ్." చెయ్యి ఆపకుంటనే అన్నది.