కోదాడలో కొన్న పాత మోటారు

మొన్న ఆదివారం మా మనుమడు హైదరాబాదు నుంచి ఒక కారు తోలుకొచ్చి సూర్యాపేటలో మా ఇంటి ముందు ఆపాడు. కొత్తది కాదు, ఎవరో వాడి అమ్మిందే, అయినా తళతళలాడుతూ పెళ్ళిపీటల మీది పిల్లలాగే ఉంది. కోడలు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పెట్రోలు ఎంత తాగుతుంది, ఇంజను ఎట్లా ఉంది అని తలా ఒకటి అడుగుతుంటే నా నోట మాత్రం, ఇంతకుముందు ఇందులో ఎవరు తిరిగారురా అన్న మాట వచ్చింది. ఎవరో బ్యాంకు ఉద్యోగి నానమ్మా అని వాడు నవ్వాడు, వాడితో పాటు అందరూ నవ్వారు. నా ఈడు వాళ్ళు ఒక్కరున్నా నవ్వేవారు కారేమో. ఆ కాలం చూసినవాళ్ళకు నేనెందుకు అడిగానో చెప్పకుండానే తెలుస్తుంది.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు సంగతి ఇది. అప్పటికి నేను కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. మా అత్తగారి ఊరు మిర్యాలగూడ అవతల, వేములపల్లి పక్కన. ఇప్పుడు ఆ దిక్కు ఎటు చూసినా వరి పచ్చగా ఊగుతుంది గానీ, సాగర్ కాలువ రాకముందు అదంతా జొన్నలూ ఆముదాలూ పండే మెట్ట. వాన పడితే తిండి, లేకపోతే లేదు. మా మామగారు పోలీసు చర్యకు ముందటి ఆ గడబిడ రోజుల్లోనే పోయారు. ఆయన్ను ఎవరూ ఏమీ చేయలేదు, కడుపులో నొప్పి లేచి మెలికలు తిరిగిపోతుంటే ఎడ్లబండిలో గడ్డి పరిచి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుండగా, మూసీ ఇసుకలో బండి దిగబడిపోయి, చక్రాలు పైకి వచ్చేసరికే ప్రాణం పోయింది. అత్తమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నదట. అప్పటినుంచి మావారికి ఒకటే పట్టుదల. ఇంట్లో మోటారు ఉండాలి, ఇంకొకరి ప్రాణం ఎడ్లబండిలో పోకూడదు. అప్పట్లో కారును మోటారు అనే అనేవాళ్ళం. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అలాంటిది ఒక్కటి కూడా లేదు.

మా మేనమామది కోదాడ. అక్కడొక దొరగారి మోటారు అమ్మకానికి ఉందని ఆయనే కబురు పంపాడు. ఆ దొరగారు గడబిడ ముదిరినప్పుడు ఇంటికి తాళం వేసుకొని సరిహద్దు దాటి జగ్గయ్యపేటకు వెళ్ళిపోయి, అక్కడే జబ్బుచేసి పోయారు. ఆయన భార్య ఒక్కతే తిరిగి వచ్చింది. మావారూ, అత్తమ్మా, నేనూ కోదాడ వెళ్ళి మామ ఇంట్లో దిగాం. మోటారు నిజంగా అందమైనది. బచ్చలిపండు రంగు, పక్కన కాలు పెట్టి ఎక్కడానికి పొడుగాటి చెక్క, నొక్కితే బాతులా అరిచే రబ్బరు బుడ్డి హారను. మావారు దాని చుట్టూ తిరిగిన తీరు, సంతలో కోడెదూడ పళ్ళు చూసినట్టే ఉంది. టైర్లు తట్టారు, మూత లేపి లోపల చూశారు, చూసినదాంట్లో ఏం అర్థమైందో దేవుడికి తెలియాలి. ఆ దొరసాని గడపలో నిలబడి అంతా చూసి చివరికి ఒక్కమాట అన్నది.

"రంగు మార్పించుకో నాయనా. ఆ తర్వాతే ఊళ్ళ మీదికి తీసుకెళ్ళు."

అక్కడక్కడ రంగు పెచ్చులు లేచి ఉన్నాయి కాబట్టి అందుకే అన్నదనుకున్నాం. మావారికైతే ఆ రంగే నచ్చింది.

నడపడం నేర్పడానికి మామ ఒక లారీ డ్రైవరును కుదిర్చాడు. ఎండిన చెరువులో కొన్నాళ్ళు తిప్పించాడు. ముందుకు పోవడం వచ్చింది, ఆపడం కొంచెం కొంచెం వచ్చింది, గేరు మార్చడం దగ్గర మాత్రం బండి ప్రతిసారీ పళ్ళు కొరికేది. సూర్యాపేట దాకా ఆ డ్రైవరు మా పక్కన కూర్చొని రావాలని మాట. బయలుదేరే నాటి పొద్దున అతన్ని ఆ లారీ సేటు లోడు మీద పంపించాడు. అత్తమ్మ రేపు పోదాం కొడుకా అన్నది. మావారు వినలేదు. ఆ వయసులో కొత్తగా చేతికొచ్చిన పనిని రేపటికి ఆపుకునే మగవాణ్ణి నేను చూడలేదు.

మునగాల దాటేదాకా బాగానే ఉంది. దుమ్ము, ఎండ, నా ఒళ్ళో చద్దిమూట, మావారి మెడ మీద చెమట. ఆ తర్వాత వచ్చిన ఊళ్ళలో ఏదో తేడా కనబడింది. మోటారు వస్తే జనం గుమిగూడతారని, పిల్లలు వెంట పరుగెత్తుతారని మావారు దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చారు. మేము వెళ్ళేసరికి వాకిళ్ళు ఖాళీ. పొయ్యి మీద పొగ లేస్తూనే ఉంది, రోట్లో రోకలి నిలబడే ఉంది, మనిషి మాత్రం లేడు. ఒకచోట తలుపు గొళ్ళెం పడిన చప్పుడు నాకు ఇంజను మోతలో కూడా వినబడింది. జనం సిగ్గుపడుతున్నారనుకొని మావారు ఇంకా ఉత్సాహంగా హారను కొట్టారు. గీ ఊళ్ళల్ల మనుషులు లేరా బిడ్డా అని అత్తమ్మ నన్ను మెల్లగా అడిగింది.

సూర్యాపేట ఇంకా కొంత దూరముందనగా బాట పక్కనే ఒక మోట బావి వచ్చింది. ఆ రోజుల్లో బావులకు గోడలుండేవి కావు, నేల మీద నోరు తెరుచుకొని ఉండేవి. ఒకతను ఎడ్లతో నీళ్ళ మోట తోలుతున్నాడు, అతని భార్య మిరప మళ్ళకు నీళ్ళు మలుపుతున్నది. మావారు మళ్ళీ హారను కొట్టారు. అతను తల తిప్పి చూశాడు. చూసి, చేతిలో పగ్గం వదిలేసి పరుగెత్తాడు. బాట వైపు రాలేడు, ఇటు మేమున్నాం. బావి అంచు మీదుగా అవతలికి పోబోయి, తడిసిన మట్టి మీద కాలు జారి, కనబడకుండా పోయాడు. అతని నోట అరుపు కూడా రాలేదు. ఆమె అరుపే వినబడింది.

మావారు ఆపబోయి ఒకదానికి బదులు ఇంకొకటి తొక్కితే బండి ఇంకా ముందుకు ఉరికి, కంకర కుప్పకు తగిలి ఆగింది. దిగి వెనక్కు పరుగెత్తాం. బావిలో నీళ్ళు తక్కువ, బండలు ఎక్కువ. అతను ఒక బండ మీద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు, ప్రాణముంది. సాయానికి పిలిస్తే ఒక్కరూ రాలేదు, చుట్టుపక్కల చేలన్నీ అప్పటికే ఖాళీ. మావారు మోట తాడు పట్టుకొని దిగి, తన పంచెతో అతన్ని తాడుకు కట్టి, తన మీదికి ఆనించుకున్నారు. ఎడ్లను ఎవరు తోలాలి? ఆమే తోలింది. ఏడుపు ఆపుకొని, ఎడ్ల మెడలు నిమురుతూ, ఒక్కొక్క అడుగే వేయిస్తూ మొగుణ్ణి బావిలోంచి పైకి లాగుకున్నది.

అతని తుంటి విరిగింది, చెవిలోంచి నెత్తురు వస్తున్నది. మోటారులోకి ఎక్కించబోతే అంతదాకా మూలుగుతూ ఉన్నవాడు కళ్ళు తెరిచి, తలుపు అంచు పట్టుకొని వదలలేదు.

"నాకేం ఎరుకలేదు దొరా. నా తమ్ముడు పోయిన కాన్నుంచి నేను ఎవ్వరి జోలికి పోలే."

అప్పుడు తెలిసింది మాకు. ఆ దొరగారు ఇల్లు వదిలి వెళ్ళినప్పుడు అప్పటి సర్కారు వైపు తుపాకులవాళ్ళు ఆ మోటారును పట్టుకుపోయారట. దాంట్లోనే ఊళ్ళ మీద తిరిగి మనుషులను ఎక్కించుకుపోయారట. ఎక్కినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు, ఇతని తమ్ముడు రాలేదు. రాజ్యం మారినాక ఎవరో దాన్ని బాట పక్కన వదిలేస్తే మళ్ళీ దొరగారి ఇంటికి చేరింది. ఈ సంగతంతా ఆమె మాకు మోటారు బయట నిలబడి చెప్పింది, ఎందుకంటే లోపల కూర్చోనన్నది. ఎంత బతిమాలినా కూర్చోలేదు. పక్కనున్న చెక్క మీద నిలబడి, కిటికీ పట్టుకొని, సూర్యాపేట దాకా అట్లాగే వచ్చింది.

అంత బాధలో ఉన్న మనిషిని తీసుకుపోవడానికి మావారికి వచ్చిన డ్రైవింగు చాలలేదు. గేరు మార్చిన ప్రతిసారీ బండి ఎగిరేది, అతను కేక పెట్టేవాడు. ఒక ఎత్తు దగ్గర ఇంజను ఆగిపోతే నేనూ ఆమే దిగి వెనకనుంచి తోశాం. ఇద్దరి భుజాలూ తగిలేంత దగ్గరగా ఉన్నాం గానీ ఆమె నా ముఖం చూడలేదు. అత్తమ్మ వెనక సీటులో అతని తల ఒళ్ళో పెట్టుకొని, దవాఖానకు పోతున్నం కొడుకా, దవాఖానకే అని జపంలా చెబుతూనే ఉన్నది. అతను నమ్మలేదు.

దవాఖానలో చేర్చుకున్నారు, చేయగలిగింది చేశారు. మేము సూర్యాపేటలోనే తెలిసినవాళ్ళింట్లో ఉండిపోయి, అత్తమ్మ రోజూ గంజి కాచి తీసుకుపోయేది. జ్వరం పట్టుకున్నాక అతనికి మనుషులు ఆనవాలు తెలియడం తగ్గింది. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను పక్కనే ఉండగా అత్తమ్మ వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగాడు.

"నన్ను ఎప్పుడు అడుగుతరమ్మా?"

తన్ని, బెదిరించి ఏవేవో పేర్లు అడుగుతారని ఇంకా ఎదురు చూస్తున్నాడు. అత్తమ్మ కొంగుతో అతని నోరు తుడిచి అన్నది. "ఏమడుగుత కొడుకా. నీళ్ళు తాగుతవా, గదే అడుగుత."

అతను తాగాడు. ఆ వారం దాటలేదు.

శవాన్ని మోటారులో తీసుకుపోదామని అనడానికి మావారికి నోరు రాలేదు. ఎడ్లబండి కట్టించి, దాని వెనక ఆ ఊరిదాకా నడిచి వెళ్ళారు. మండుటెండలో, చెప్పులు లేకుండా. ఊళ్ళోవాళ్ళు కొడతారేమోనని నేను భయపడ్డాను గానీ ఎవరూ ఏమీ అనలేదట. దహనం అయినాక ఒక ముసలాయన దగ్గరికి వచ్చి, మీ తప్పు లేదు దొరా, గా బండి మాత్రం మళ్ళ ఈ తొవ్వల తేకుండ్రి అన్నాడట. మావారు వచ్చి ఆ ముక్క చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండురోజులు అన్నం ముట్టలేదు.

కోదాడ మామ వచ్చి తలపట్టుకున్నాడు. ఆ మోటారు సంగతి ఎరగనివాళ్ళుంటారని నాకు తట్టలేదమ్మా అన్నాడు. కోదాడలో అందరికీ తెలిసిందే, మిర్యాలగూడ దాకా ఆ కబురు రాలేదు, అంతే. నల్లరంగు వేయించి బెజవాడలో అమ్మేద్దామని ఆయన ఉపాయం చెప్పాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "రంగు మారితే సప్పుడు మారతదా?" అన్నది. మోటారు కావాలని మావారికంటే ఎక్కువ కోరుకున్నది నిజానికి ఆమే, ఆ మూసీ ఇసుకను ఆమె ఏనాడూ మరిచిపోలేదు. అయినా అన్నది. సూర్యాపేటలోనే ఒక కొలిమి దగ్గర దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పించారు. ఇనుము నాగళ్ళకు పోయింది, టైర్లు చెప్పులు కుట్టేవాళ్ళు పట్టుకుపోయారు. మేము బస్సులో కొంత, బండిలో కొంత, మా ఊరు చేరాం.

మావారు ఆ తర్వాత స్టీరింగు పట్టలేదు. చాలా ఏళ్ళకు చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు కొడుకులు కారు కొందామంటే, కొనండి, నన్ను ఎక్కమనకండి అన్నారు. అన్నట్టే ఆఖరిదాకా ఎక్కలేదు. ఆ బావి దగ్గరి ఆమె ఏమైందో నాకు తెలియదు. ఒకటి రెండుసార్లు అత్తమ్మ మనిషిని పంపిస్తే, అన్నగారి ఊరికి పోయిందని చెప్పారు. ఏ ఊరో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ బాట నాలుగు వరసల రోడ్డు. మా అబ్బాయి తోలుతుంటే ఆ బావి ఎక్కడుండేదో చూద్దామని నేను ఎన్నోసార్లు కిటికీలోంచి వెతికాను. పెట్రోలు బంకులు, దాబాలు, ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి, బావిని పూడ్చేసి ఉంటారు. మిర్యాలగూడ మిల్లుల లారీలు రాత్రీ పగలూ పోతూనే ఉంటాయి. పోయినేడు ఆ దగ్గర్లోనే ఒక ఊళ్ళో టీ తాగడానికి ఆగాం. ఒక నడివయసు ఆమె రోడ్డు వారన మిరపకాయలు ఆరబోస్తున్నది. ఒక కారు హారను కొట్టుకుంటూ ఆమె వెనకగా వచ్చింది. ఆమె తల తిప్పలేదు. రెండోసారి కొడితే నడుం మీద చెయ్యి పెట్టుకొని లేచి, డ్రైవరును నాలుగు తిట్లు తిట్టి, మళ్ళీ కూర్చొని తన పని తాను చేసుకున్నది. నేను టీ గ్లాసు కింద పెట్టి ఆమెనే చూశాను. ఆమె తిట్టడం నాకు ఎంత హాయిగా ఉన్నదో, ఆ హాయికి లోపల ఎంత నొప్పి ఉన్నదో, పక్కనున్న మా అబ్బాయికి చెప్పాలంటే ఆ మోట బావి దగ్గరినుంచి మొదలుపెట్టాలి.