పిట్టకు పెట్టిననాడు చదివిన బొమ్మల కథ

వెంకన్న పోయిన మూడోనాడు కాకి వచ్చి ముట్టాలని పిట్టకు పెట్టారు. బావి గట్టు మీద మోదుగ విస్తరిలో అన్నం, మటన్ కూర, గారెలు, పక్కన ముంతలో కల్లు. వెంకన్నకు ఇష్టమైనవన్నీ ఉన్నాయి. కాకి మాత్రం రాలేదు.

కాకి ముట్టేదాకా ఇంట్లోవాళ్లు ఏమీ ముట్టకూడదు. షుగరున్న తల్లి కొమురమ్మ పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు. ఆమె చేతులు వణకడం చూసి కూతురు అఖిలకు భయం పట్టుకుంది. అన్న పోయాడు, ఇప్పుడు అవ్వ.

"మీ అన్న ఏదో మనసుల పెట్టుకున్నడు, అందుకే కాకి వస్తలేదు. మాటియ్యి బిడ్డా," అన్నాడు పెద్దబాపు భిక్షపతి.

"అవ్వను నేను చూసుకుంట అన్నా," అంది అఖిల. చింతచెట్టు మీది కాకి కదల్లేదు.

వెంకన్నకు నెల్లికుదురులో మోటారు వైండింగు షాపు. పెళ్లి చేసుకోలేదు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టడం, మధ్యమధ్య ఫోనులో భాగాలుగా వచ్చే బొమ్మల కథ చదవడం, అదే ఆయన బతుకు. ఆ కథలో ఒక బస్సు కండక్టరు నిద్రమత్తులో దిగి రాక్షసుల లోకంలో పడతాడు. అక్కడా టికెట్లు కొడతాడు. మోటారు కోసం కూర్చున్న రైతులకు వెంకన్న దాన్ని పైకి చదివేవాడు. నవ్వొచ్చే చోటు రాకముందే తనే నవ్వేసేవాడు. ఆ నవ్వుకే వాళ్లు నవ్వేవాళ్లు. గుండె ఆగిననాడు బల్ల మీద మోటారు సగమే చుట్టి ఉంది.

కొత్త భాగం నిన్న వచ్చింది. అది గుర్తొచ్చి అఖిల అన్న ఫోను తీసింది. విస్తరి పక్కనే కూర్చుని గట్టిగా చదవసాగింది.

మూడు తలల రాక్షసుడు ఒక్క టికెట్టే అడిగాడు. "కూసునేది ఒక్క సీట్లనే గదా!"

"లొల్లి పెట్టేది మూడు నోర్లతోని గదా. మూడు తీస్కో," అన్నాడు కండక్టరు.

"పిట్టకాడ గీ సెల్లు ముచ్చట్లేందే?" భిక్షపతి ముఖం చిట్లించాడు. కాసేపటికి ఆగలేక తనే అడిగాడు. "మూడు తలలుంటే, కిటికీ కాడ ఏది కూసుంటదే?"

కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. అఖిల చదువుతూనే ఉంది. కండక్టరుకు ఇంటికి పోయే బస్సు దొరికింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి చూశాడు.

అంతలో కొమురమ్మ పక్కకు ఒరిగింది. భిక్షపతి పట్టుకున్నాడు. నీళ్లు నోటిదాకా తెస్తే పళ్లు బిగించి తల అడ్డంగా ఊపింది.

"చదువుడు బంజెయ్యి బిడ్డా! నువ్వు పక్కన కూసుంటే కాకి ఎట్లొస్తది?" అన్నాడు భిక్షపతి.

అఖిలకు తెలియనిది కాదు. విస్తరి పెట్టి దూరం జరగాలని చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉంది. అయినా ఇంకా కొన్ని బొమ్మలే మిగిలాయి. ఆమె తల్లి వంక చూసింది. ఫోను కొంగులో చుట్టుకుని లేచి, తుమ్మచెట్ల అవతలికి నడిచింది.

రెక్కల చప్పుడు వినిపించింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"ముట్టింది, ముట్టింది! ఇగ తాగు కొమురవ్వా. పోయిండు కొడుకు," అని భిక్షపతి అరిచాడు.

తల్లి గుటక వేసిన చప్పుడూ, ఆ వెంటనే ఎత్తుకున్న శోకమూ చెట్ల అవతలినుంచే విన్నది అఖిల.