కుంపటి పెట్టిన గదిలో పియానో

సౌదీలో, కువైట్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న హఫర్ అల్ బాతిన్‌లోని మా క్వార్టర్‌లోకి పియానో వచ్చిందంటే అది యుద్ధం పుణ్యమే. ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిందన్న వార్త తెలియగానే మా ఆస్పత్రి మేట్రన్ పెట్టేబేడా సర్దుకుంది. ఆవిడది ఐర్లండ్. వెళ్లేముందు నన్ను ఇంటికి పిలిచి, గోడకు ఆనించి ఉన్న పాత పియానో చూపించి, దీన్ని విమానంలో పట్టుకుపోలేను, వాయించడం వచ్చినదానివి నువ్వే కాబట్టి తీసుకో అంది. అందరూ ఊరు విడిచిపోవడానికి దారులు వెతుక్కుంటుంటే నేను మాత్రం మంచం ఎటు జరిపితే పియానో పడుతుందా అని గది కొలుచుకుంటూ కూర్చున్నాను. మావారు తల పట్టుకున్నారు.

నాకు పియానో నేర్పింది గుంటూరు మిషన్ స్కూల్లో టీచరమ్మ. తప్పు మీట నొక్కితే పెన్సిల్‌తో కణుపుల మీద ఒక్కటిచ్చేది. ఆవిడంటే భయం, పియానో అంటే పిచ్చి. ఆ రెంటిలో పిచ్చే మిగిలింది. మెడిసిన్ చదివేటప్పుడు కాలేజీ పక్క చర్చిలో, ప్రార్థన లేనప్పుడల్లా, వాచ్‌మన్‌ని బతిమాలుకుని వాయించేదాన్ని. మత్తు డాక్టరునై సౌదీ వచ్చాక అదీ లేదు. ఆపరేషన్ థియేటర్లో సర్జన్ కోసం ఎదురుచూస్తూ స్టీలు బల్ల మీద వేళ్లు ఆడించేదాన్ని. మేడమ్‌కి మళ్లీ పూనకం వచ్చిందని నర్సులు నవ్వుకునేవాళ్లు.

పియానో వచ్చిందన్న మాటే గానీ స్వేచ్ఛగా వాయించే వీలు లేదు. సంగీతం గోడ దాటి వినపడితే మతాచార పోలీసులు వస్తారని కాంపౌండ్‌లో అందరికీ భయం. పియానో వెనక రెండు రజాయిలు కుక్కి, కిటికీ మూసి, మెల్లగా వాయించేదాన్ని. అయినా వినేవాళ్లు చేరారు. పక్క క్వార్టర్‌లో అంబులెన్స్ డ్రైవర్ భార్య ఉండేది, కర్నూలు ఆవిడ, నాకంటే పెద్దది. వంట దించి, దుపట్టా సర్దుకుంటూ వచ్చి నేల మీద కూర్చునేది. కాంపౌండ్ మెయింటెనెన్స్ చూసే నిజామాబాద్ అన్న ఏదో ఒక కుళాయి బాగుచేసే నెపంతో వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"డాక్టరమ్మా, జర నిమ్మళంగ. బయటికి ఇనవడితే కఫీల్ నన్ను ఎగ్జిట్ కొట్టి పంపుతడు," అనేవాడు. అతని వీసా ఆ కఫీల్ అనే యజమాని చేతిలో ఉండేది మరి. అయినా గుమ్మం దగ్గరే చతికిలబడేవాడు. వినడానికి మనిషి ఉంటే నా వాయింపే వేరుగా ఉంటుంది. ఒంటరిగా వాయించడం నాకెప్పుడూ పూర్తిగా తృప్తినివ్వలేదు.

జనవరిలో యుద్ధం మొదలైంది. అప్పటికి నాకు ఏడో నెల. పెళ్లయిన చాలా ఏళ్లకు, రెండుసార్లు పోగొట్టుకున్నాక నిలిచిన కడుపు. ఇండియా పంపేద్దామని మావారు టికెట్ల కోసం తిరిగారు గానీ విమానాలు ఆగిపోయాయి. పైగా ఆస్పత్రి మత్తు డాక్టర్లను వదలదలచుకోలేదు. ఈ ఒక్క బిడ్డను ప్రాణాలతో భూమ్మీదికి తేవాలి. ఆ రోజుల్లో నాకు ఉన్న ధ్యాస అదొక్కటే.

క్షిపణుల్లో విషవాయువు పెట్టి వేస్తారని అందరూ చెప్పుకుంటున్నారు. ప్రతి ఇంట్లో ఒక గది గాలి చొరకుండా మూసేసుకోమన్నారు. మా ఇంట్లో అది పియానో గది, ఉన్నది ఒక్కటే కిటికీ గనక. నిజామాబాద్ అన్న వచ్చి కిటికీకి రెండు పొరల ప్లాస్టిక్ షీటు కొట్టాడు. ఏసీ కంతకూ, తలుపు అంచులకూ టేపు వేశాడు. చేత్తో తడిమి చూస్తూ, సన్న గాలి వచ్చినచోటల్లా ఇంకో వరస అతికించాడు. పని చేస్తే ఆ అన్నే చెయ్యాలి అనిపించేంత నున్నగా ఉంది. ఆస్పత్రి వాళ్లు డాక్టర్ల కుటుంబాలకు ముఖానికి తగిలించుకునే మాస్కులు ఇచ్చారు. నాకొకటి, మావారికొకటి. కర్నూలు ఆవిడకూ, అన్నకూ ఇవ్వలేదు. కర్నూలు ఆవిడ భర్త అంబులెన్స్ డ్యూటీలోనే ఉండేవాడు గనక, సైరన్ మోగితే మిగతా నలుగురం ఆ గదిలోనే చేరేవాళ్లం. వాళ్లెదురుగా మేమిద్దరం మాస్కులు పెట్టుకుని కూర్చోవడానికి మనసొప్పేది కాదు. అవి పియానో మీదే పడి ఉండేవి.

సైరన్ మోగాక మళ్లీ అంతా సర్దుకుందన్న సైరన్ వచ్చేవరకు చేసే పనేమీ ఉండదు. ఆకాశం వంక చెవి పెట్టుకుని కూర్చోవడమే. దూరంగా ఒక దెబ్బ వినపడితే కర్నూలు ఆవిడ నోట్లోనే దువా చదువుకునేది. మావారు గోళ్లు కొరుక్కునేవారు. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. అందుకని వాయించేదాన్ని. టీచరమ్మ నేర్పిన మొదటి పెద్ద పాఠం ఒకటి ఉంది. కుడిచేయి నిదానంగా పాడుతుంటే ఎడమచేయి ఊపుతూ ఉంటుంది. చిన్నప్పటినుంచి వాయిస్తున్నదే, కళ్లు మూసుకున్నా వేళ్లు వెళ్లిపోతాయి. అది మొదలుపెడితే కడుపులో బిడ్డ కూడా కదిలేది. చెయ్యి పెట్టి చూడమని మావారిని పిలిచేదాన్ని.

ఆ సాయంత్రం ఎడారి చలి ఎముకలు కొరుకుతోంది. ఆ చలి గురించి మన వైపు వాళ్లకు చెప్పినా నమ్మరు. ఉన్న ఒక్క హీటర్ కాయిల్ కాలిపోయింది. నేను శాలువా కప్పుకుని వణుకుతుంటే కర్నూలు ఆవిడ చూడలేకపోయింది.

"ఇట్లా వణుకుతాండావు, కడుపులో బిడ్డకు చలి తగలదా? కుంపటి తెస్తా ఉండు. మా ఊర్లో బాలింతకు మంచం కింద కుంపటి పెడతారు, నీకెరుక లేదా?"

ఎరుక లేకేం. మా అమ్మకూ పెట్టారు, మా అక్కకూ పెట్టారు. మనింట్లో ఆడదాన్ని వెచ్చగా చూసుకోవడమంటే కుంపటే. ఆవిడ తన వంటింట్లో బొగ్గులు రాజేసి, ఎర్రగా కణకణలాడుతున్న కుంపటిని బట్టతో పట్టుకొచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. చిటికెడు సాంబ్రాణి కూడా చల్లింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. అంతలోనే సైరన్ మోగింది. అన్న పరుగున లోపలికి వచ్చాడు. తలుపు మూసి, టేపు వేసి, కింద తడి తువ్వాలు కుక్కాడు. కుంపటి సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మేమందరం బయటి గాలికి భయపడుతున్నాం.

నేను వాయించడం మొదలుపెట్టాను. ఆ రోజు రెండో సైరన్ ఎంతకీ రాలేదు. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. ఒక పాఠం అయ్యాక ఇంకొకటి వాయించాను. కొంచెం తలనొప్పిగా ఉంటే రోజంతా డ్యూటీ చేసిన ఫలితం అనుకున్నాను. తల తిప్పి చూస్తే మావారు గోడకు చేరగిలబడి నిద్రపోతున్నారు. కర్నూలు ఆవిడ మోకాళ్ల మీద తల వాల్చేసింది. అన్న కూడా తూగుతున్నాడు. అంతకుముందు ఏ సైరన్‌కూ ఎవరూ కునుకు తీసింది లేదు. నా చేతి మహిమే అనుకున్నాను. ఎంత పొంగిపోయానంటే, వాళ్లు లేవకూడదని ఇంకాస్త మెత్తగా వాయించాను. అలవాటు చొప్పున పెదాల రంగు చూశాను. థియేటర్లో మత్తులో ఉన్న మనిషి పెదాలు నీలమైతే మాకు గుండె ఆగిపోతుంది. ముగ్గురి పెదాలూ గులాబీ రంగులో కళగా ఉన్నాయి. నిశ్చింతగా మళ్లీ మా టీచరమ్మ పాఠం ఎత్తుకున్నాను.

ఎడమచేయి తప్పింది.

మళ్లీ మొదలుపెట్టాను. అదే చోట, నిద్రలో లేపినా వాయించగలిగే చోట, చిటికెన వేలు మీట మీద పడింది గానీ నొక్కలేకపోయింది. వేలివైపు చూశాను. అది నా వేలులా లేదు. గోరు మరీ ఎర్రగా ఉంది. చలిలో అంత ఎరుపెందుకు అనిపించింది. పక్కనే కుంపటి. తలుపుకు టేపు. పరీక్షల కోసం బట్టీపట్టిన ముక్క అప్పుడు గుర్తొచ్చింది. బొగ్గు పొగ ఎక్కిన మనిషి నీలంగా మారడు, ఎర్రగానే చచ్చిపోతాడు. కడుపు మీద చెయ్యి పెట్టాను. ఎప్పుడూ కదిలే పాఠానికి కూడా బిడ్డ కదల్లేదు.

లేవబోతే మోకాళ్లు నిలవలేదు. పియానో పట్టుకుని, "అన్నా, కిటికీ చింపెయ్," అన్నాను.

అన్న కళ్లు తెరిచాడు. "సైరన్ కొట్టలేదు గద డాక్టరమ్మా."

"గ్యాస్ గదిలోనే ఉంది. ఆ కుంపటి. చింపు."

"బయట గ్యాస్ ఇడిసిపెడితే? అందరం సస్తం. కడుపుతోటున్న మనిషివి, ఆగు."

అతను మూర్ఖుడేమీ కాదు. బయటి గాలిలో ఏముందో నాకూ తెలియదు. కిటికీ చింపితే నా బిడ్డను నా చేతులతోనే చంపుకుంటానేమో. చింపకపోతే తప్పకుండా చంపుతాను. మావారిని కుదిపాను, లేవలేదు. చెంప మీద గట్టిగా కొట్టాను, ఏదో గొణిగారు. నేను పాక్కుంటూ కిటికీ వైపు వెళ్లాను. టేపు గోటికి దొరకదు. అంత బాగా అతికించాడు మహానుభావుడు. నాకు ఏడుపొచ్చింది. "అన్నా, నీ చెల్లెలనుకో," అన్నాను.

అతను తూలుకుంటూ లేచి వచ్చాడు. నన్ను పక్కకు జరిపి, తాను కొట్టిన షీటును రెండు చేతులా పట్టుకుని గుంజాడు. గోడ సున్నం రాలింది. రెండో పొర కూడా చింపి కిటికీ తోశాడు. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. నేను ఊపిరి బిగబట్టాను. బిగబట్టగలిగినంతసేపు బిగబట్టి, ఇక లాభం లేక పీల్చాను. దుమ్ము వాసన, దూరంగా డీజిల్ వాసన. ఇంకోసారి పీల్చాను. అన్న నా ముఖం వంకే చూస్తున్నాడు. నేను పడిపోతే తానూ పోతానని ఎదురుచూస్తున్నట్టుంది. ఎవరికీ ఏమీ కాలేదు. అతను కుంపటిని తువ్వాలుతో పట్టి బయట ఇసుకలో పారబోశాడు.

మావారు వాంతి చేసుకుని తేరుకున్నారు. కర్నూలు ఆవిడ లేచి, ఏం జరిగిందో అర్థమయ్యాక, కుంపటి పెట్టిన తన చేతులవంక చూసుకుని గట్టిగా ఏడ్చింది. ఆవిణ్ని ఓదార్చే ఓపిక నాకు లేదు. నా బిడ్డ ఇంకా కదల్లేదు.

రెండో సైరన్ రాకముందే ఆస్పత్రికి వెళ్లాం. మా నలుగురికీ ఆక్సిజన్ పెట్టారు. ఈజిప్టు గైనకాలజిస్టు నా కడుపు మీద యంత్రం ఆనించి బిడ్డ గుండె చప్పుడు కోసం వెతికింది. గరగర. ఇంకోచోట పెట్టింది, గరగర. ఎన్నో కాన్పు ఆపరేషన్లలో ఆ శబ్దం కోసం ఆవిడ పక్కన నిలబడ్డాను. ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. చివరికి దొరికింది. నెమ్మదిగా, ఆలోచించి ఆలోచించి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. ఆవిడ నన్ను చూడకుండా, "ఉంది," అని మాత్రం అంది. ఎలా ఉంటుందని నేను అడగలేదు. ఆ పొగ తల్లి రక్తం కంటే బిడ్డ రక్తాన్నే ఎక్కువ పట్టుకుంటుందని ఇద్దరికీ తెలుసు.

యుద్ధం త్వరగానే ముగిసింది. నాది మాత్రం ముగియలేదు. పాప పుట్టింది, ఏడ్చింది, పాలు తాగింది. అయినా మెదడు సంగతి ఎవరు చెప్పగలరు? పియానో పక్కన దుప్పటి పరిచి పడుకోబెట్టి ఒక మీట నొక్కేదాన్ని, ఇటు తిరుగుతుందా అని. తిరిగితే అనుకోకుండా తిరిగిందేమోనని మళ్లీ నొక్కేదాన్ని. ఆలస్యంగా కూర్చుంది. ఇంకా ఆలస్యంగా నడిచింది. కర్నూలు ఆవిడ రోజూ వచ్చి గుమ్మంలోనుంచే, "ఈ పొద్దు ఏమన్నా మాట్లాడిందా మా?" అని అడిగేది. లోపలికి వచ్చేది కాదు. ఒకరోజు పాపను తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను. ఎత్తుకోవడానికి కూడా భయపడింది. తర్వాత మాకు యాన్బుకు బదిలీ అయింది. పియానో లారీలో ఎడారి దాటి వచ్చింది. అక్కడే, ఆ ఎర్ర సముద్రం పక్క ఇంట్లో, మూడేళ్లు దాటాక, పాప ఒక్కసారిగా మాటలు మొదలుపెట్టింది. మొదలుపెట్టాక నోరు మూసింది లేదు. నేను వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

ఇప్పుడు తనూ డాక్టరే. హైదరాబాద్‌లో నా ఇంటికి డ్యూటీ దిగి వస్తుంది. వాయించమని తనే అడుగుతుంది. నేను ఇప్పటికీ వాయిస్తాను, పిలిచినవాళ్లకూ పిలవనివాళ్లకూ. మిగతావాళ్లు కళ్లు మూసుకుని వింటే నాకూ సంతోషమే. కానీ తను సోఫాలో వాలి కళ్లు మూసిందంటే నా చేతులు ఆగిపోతాయి. లేచి వెళ్లి గోళ్లు చూస్తాను, ముక్కు దగ్గర వేలు పెడతాను, చెంప మీద తడతాను. ఇన్నేళ్లొచ్చినా ఈ జబ్బు పోలేదు. మొన్న కూడా అలాగే తడితే, తను కళ్లు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. నాలుగో నెలట. ఇంకా అల్లుడికి తప్ప ఎవరికీ చెప్పలేదట.

"ఇద్దరికీ ఊపిరి ఆడుతోందమ్మా," అంది. "వెళ్లి వాయించు."