కిరాయి కారులో ముందు సీటు

మా వంశంలో స్టీరింగ్ పట్టినవాళ్లు లేరు. తాతల కాలంలో ఎడ్ల కచ్చడం బండి తోలేవాడు వేరు, ఎక్కేవాడు వేరు. నాయిన కాలంలో అంబాసిడర్ వచ్చినా ఆ పద్ధతి మారలేదు. నాయిన వెనుక సీటులో ఎడమ కిటికీ పక్కన కూర్చునేవాడు. ముందు సీటులో, డ్రైవర్ పక్కన, టిఫిన్ గిన్నె ఒళ్లో పెట్టుకుని జీతగాడు కూర్చునేవాడు. తర్వాత భూములు పోయాయి, కారు పోయింది, నేను నల్లగొండలో రెండు గదుల కిరాయి ఇంట్లోకి వచ్చాను. ఆర్టీసీ బస్సుల్లో తిరగక తప్పలేదు. ఎంత రద్దీ ఉన్నా డ్రైవర్ పక్కనున్న ఇంజన్ డబ్బా మీద మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. నిలబడే ప్రయాణం చేశాను.

అందుకే నా చెల్లెలి మనవరాలు హైదరాబాదులో డ్రైవర్ లేని కారు కిరాయికి తీసుకుని, చిట్యాల మీదుగా ఒక్కతే నడుపుకుంటూ వచ్చి మా వాకిట్లో ఆపినప్పుడు, నా చెయ్యి దానంతటదే వెనుక తలుపు మీదికి పోయింది.

ఆ పిల్ల పుట్టిందీ పెరిగిందీ ఇంగ్లండులో. మన దేశం ఆమెకు పరాయి దేశమే. ఇదివరకు ఒక్కసారి, అదీ తల్లి చంకలో ఉండగా వచ్చింది. తెలుగు వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది కాబట్టి మాటలో మా పోయిన చెల్లెలే వినిపిస్తుంది. కొత్తకోటలో మా పెదనాయన కొడుకు మనవడి పెళ్లి. నన్ను ఎక్కించుకుని దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా పోవాలని ఆమే నిర్ణయించింది. ముందురోజు వాళ్లమ్మ, అంటే నా మేనకోడలు, ఇంగ్లండు నుంచి ఫోన్ చేసింది. డ్రైవర్‌ను పెట్టుకొమ్మంటే బిడ్డ వినడం లేదని చాలాసేపు చెప్పి, చివరికి ఒక్క మాట అన్నది.

"మామా, దాన్ని నీ చేతిల పెడుతున్న. మంచిగ తెచ్చి మళ్ల ఇమానం ఎక్కియ్యాలె."

సరేనన్నాను. ఇచ్చిన మాట తప్పే పద్ధతి మాకు లేదు. కానీ ఫోన్ పెట్టేశాక ఒకటే ఆలోచన. బండి నడపడం తెలియని మనిషి, బండి నడిపే పిల్లను దేని నుంచి కాపాడాలి?

ఆమె అజాగ్రత్త మనిషి కాదు. కారు తీసుకునే ముందే దాని మీదున్న ప్రతి గీతకూ ఫోటో తీసుకున్నదట. విదేశీ లైసెన్సు, పాస్‌పోర్టు నకలు ముందు అరలో సర్దిపెట్టుకుంది. నేను బెల్టు పెట్టుకునేదాకా ఇంజన్ ముట్టుకోలేదు. వెనుక కూర్చున్నవాడికి బెల్టు ఎందుకని అడిగితే, దెబ్బ తగిలినప్పుడు వెనుకవాళ్లే ఎగిరి ముందువాళ్ల మీద పడతారని చెప్పింది. నన్ను కట్టేసినట్టు అనిపించినా ఊరుకున్నాను. మా దగ్గర కూడా ఎడమ దిక్కే నడుపుతాం తాత, ఫికరు చేయకు అన్నది. ఆ మాటకు నాకు కొంత ధైర్యం వచ్చింది. రాకుండా ఉంటేనే బాగుండేది.

దేవరకొండ దాటేదాకా నా చేయి తలుపు పిడిని వదలలేదు. నాకు కనిపించేది ముందు సీటు వెనుక భాగం, కిటికీలోంచి పక్కకు జారిపోయే పత్తి చేలు, అంతే. ఎదురుగా ఏం వస్తున్నదో అది దాటిపోయాక తెలిసేది. డిండి దాటాక కుడివైపు చాయ్ హోటలు కనబడి, ఆగుదామన్నది. కుడి ఇండికేటర్ వేసి రోడ్డు మధ్యలో నిదానించింది. మెడ చాచి సీట్ల మధ్య నుంచి చూస్తే, ఎదురుగా గ్రానైట్ బండల లారీ వస్తున్నది. లారీవాడు రెండుసార్లు లైట్లు కొట్టాడు. ఆమె చెయ్యెత్తి అతనికి సలాం చేసినట్టు ఊపి, కారును కుడికి తిప్పింది.

లారీ ఆగలేదు. ఎడమ కిటికీ నిండా దాని ముందు భాగమే, నా కిటికీ నిండా. హారన్ ఒంట్లో నుంచి పోయినట్టయింది. కారు ఒక్క దుముకు దుమికి హోటలు ముందున్న మట్టిలో ఆగింది. వెనుక నుంచి లారీ గాలి కారును ఊపి పోయింది.

దిగి బల్ల మీద కూర్చున్నాం. హోటలు నడిపే ఆడమనిషి మమ్మల్ని చూసి, నేను వెనుక సీటులో నుంచి దిగడం కూడా చూసి, నన్ను అడిగింది.

"మీ డ్రైవరమ్మకు చక్కెర ఎయ్యాల్నా, పెద్దయ్యా?"

పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"వాడు లైట్లు కొట్టిండు గద తాత," అన్నది తర్వాత. "నువ్వు పో అనే గద."

"పో అని కాదు బిడ్డా. నేను ఆగను, నువ్వే ఆగు అని."

ఆమె గ్లాసు కింద పెట్టింది. ఇంగ్లండులో దారి ఇచ్చేవాడే లైట్లు కొడతాడట. అక్కడ నడిపే దిక్కూ ఇదే, స్టీరింగ్ ఉండే వైపూ ఇదే. ఆ లైట్ల అర్థం మాత్రం తలకిందులు. నాకు ఎవరూ నేర్పలేదు, ఆమెకూ నేర్పలేదు. చూసి చూసి తెలిసిన సంగతి ఒకరికి చెప్పాలని ఎవరికి తోస్తుంది? ఇంకా ఇట్లాంటివి ఏమేమి ఉన్నాయని అడిగింది. ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రాలేదు. కంటితో చూస్తే చెప్పగలను గాని, ఊరికే చెప్పలేనన్నాను.

"అయితే ముందటికి రా తాత. నాకు నీ కండ్లు కావాలె."

కారు దాకా నడిచాను. వెనుక తలుపు దగ్గర ఆగాను కూడా. ఎడమ కిటికీ అద్దం మీద లారీ లేపిన దుమ్ము పేరుకుని ఉంది. ముందు తలుపు తీసి కూర్చుని, ఆమె అడగకముందే బెల్టు లాగి పెట్టుకున్నాను.

ముందు నుంచి చూస్తే రోడ్డు ఒళ్లోకి వచ్చి పడుతున్నట్టే ఉంటుంది. భయం తగ్గలేదు, పెరిగింది. కానీ ఇప్పుడు దానికి పని దొరికింది. ముందు పోయే లారీ కుడి ఇండికేటర్ వేస్తే ఆమె బ్రేకు తొక్కింది. వాడు తనను దాటిపొమ్మని చెబుతున్నాడన్నాను. మరోచోట అట్లాగే వేస్తే, కుడివైపు మట్టిబాట కనబడి, వద్దు, వాడు తిరుగుతాడన్నాను. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి ఉంటే దూరం నుంచే చూపించాను. ఒక మేక దాటింది. మిగతా మంద వస్తుంది, ఆగమన్నాను. మంద వచ్చింది. దారంతా అరుస్తూనే ఉన్నాను. అట్లా అరిచి చెప్పడం మా ఇంట్లో ముందు సీటువాడి పని.

కొత్తకోట చేరేముందు ఆమె కారు పక్కకు తీసి ఆపింది. మా సీట్ల పద్ధతి వాళ్ల అమ్మమ్మ కథల్లో విన్న పిల్ల.

"ఎనక్కి పోతవా తాత? ఫంక్షన్‌హాల్ కాడ అందరుంటరు."

ఆమె నన్ను ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగింది. నేను వెనక్కి తిరిగి ఆ సీటు చూశాను. తర్వాత ముందుకు చూశాను. హాలుకు పోవాలంటే బెంగళూరు హైవే దాటాలి. మూడు మూటలు వేసుకుని ఒక ఆటో తప్పు దిక్కున మా మీదికే వస్తున్నది.

"ఆటోను పోనియ్యి. ఆ బస్సు ఆగినంక కదులు," అన్నాను.

హాలు ముందు మా పెదనాయన కొడుకు, పెళ్లికొడుకు తాత, నాకన్నా పెద్దవాడు, ధోవతి అంచు పట్టుకుని ఎదురొచ్చాడు. వంశం పద్ధతి మరువని మనిషి. నేరుగా వచ్చి వెనుక ఎడమ తలుపు తీసి, నన్ను దింపుకోవడానికి చెయ్యి చాచాడు. లోపల బట్టల సంచి తప్ప ఎవరూ లేరు. వంగి చూసి, తలెత్తి, ముందు సీటులో నన్ను కనుక్కున్నాడు.

"ఏం తమ్మీ, జీతం కుదిరినవా?"

పందిట్లో ఒకరిద్దరు నవ్వారు.

"కుదిరిన అన్నా. పిల్ల ఇమానం ఎక్కేదాక."

నేను ఇంకా బెల్టు తీయలేదు. హాలు గేటు నేరుగా హైవే మీదికే తెరుచుకుంటున్నది. రేపు ఇక్కడి నుంచి బయటపడేటప్పుడు ఏ దిక్కు నుంచి ఏమి వస్తుందో అప్పుడే చూసి పెట్టుకుంటున్నాను.