పంచనామాలో గులాబీ రంగు

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, కార్తీకమాసంలో వాయుగుండం తీరం దాటిన ఐదో రోజు, నెల్లూరులో నేను పనిచేసే ఆసుపత్రి నుంచి సముద్రం దగ్గరున్న ఒక చిన్న ఆసుపత్రికి నన్ను పది రోజుల డెప్యుటేషన్ మీద పంపారు. నా హోదా లినెన్ కీపర్. దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు, రోగుల బట్టలు ఎన్ని ఉతుక్కి వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఏ మరక దేనితో పోతుంది అని చూసుకునే ఉద్యోగం. నర్సుల కంటే కింద, ఆయాల కంటే పైన. వాన దెబ్బకు అక్కడ రోగులు పెరిగారు, ఉతికిన బట్ట ఆరడం లేదు. అందుకని పిలిపించారు.

నేను వెళ్ళిన రోజే ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర దొరికిన రెండు శవాలను మార్చురీకి తెచ్చి ఉన్నారు. ఇద్దరూ మగవాళ్ళు, ఇంచుమించు ఒకే ఎత్తు, ఒకే వయసు. నీళ్ళలో నాలుగు రోజులుండటంతో మొహాలు చూపించే స్థితిలో లేవని డ్యూటీ డాక్టరు చెప్పారు. గుర్తుపట్టడానికి మిగిలింది బట్టలే. మూడు రోజులు చూసి ఎవరూ రాకపోతే పంచాయతీవాళ్ళకు అప్పగించి పూడ్చేస్తారు.

లాండ్రీ షెడ్డు మార్చురీ వెనకాలే ఉంది. ఆ చొక్కాలు రెండూ షెడ్డు ముందు తీగ మీద వేలాడుతున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి గులాబీ రంగుది. సముద్రపు గాలి ఆగకుండా వీస్తోంది, అయినా ఆ బట్టలు ఆరడం లేదు. గాలి నిండినప్పుడల్లా ఎర్ర చొక్కా చేతులు పైకి లేచి పక్క చొక్కా భుజం మీద పడేవి. గాలి తగ్గితే మెల్లగా జారేవి. ఆయాలు అటువైపు రావడం మానేసి చుట్టూ తిరిగి వెళ్తున్నారు. నేను కూడా తీగకు వీపు పెట్టి పని చెయ్యలేకపోయాను.

మూడో రోజు పొద్దున హెడ్ కానిస్టేబుల్ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు వెంగమ్మ, కోవూరు పక్క పల్లె. ఆమె భర్త పెంచలయ్య రొయ్యల గుంటల దగ్గర కాపలా పనికని తీరానికి వచ్చి, గాలివాన మొదలైన రోజు నుంచి కనపడలేదు. ఆమె షెడ్డు మెట్టు దగ్గరే ఆగిపోయి, అక్కడి నుంచే తీగ వైపు చూసింది.

"మా ఆయనది తెల్ల చొక్కా సార్. వెలిసిపోయిన నీలం గీతలు సన్నంగా ఉంటాయి. ఇది కాదు. అదీ కాదు" అంది.

అని నవ్వింది. నన్ను మంచినీళ్ళు అడిగి తాగి, "నువ్వు చల్లంగుండాల తల్లీ" అంది, ఆ కబురు నేనే చెప్పినట్టు. ఫోను తీసి భర్త నంబరు నొక్కింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. "ఛార్జింగు అయిపోయుంటాది" అని తనకు తనే చెప్పుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక నేను గులాబీ చొక్కాను మొదటిసారి చేత్తో పట్టుకున్నాను. అద్దకం చేసిన గుడ్డయితే రంగు అంతటా ఒకేలా ఉంటుంది. ఇది వీపు మీద ముదురుగా, చంకల్లో మరకలు మరకలుగా ఉంది. కాలరు కింద మడత విప్పి చూశాను. కుట్టు దారం తెల్లగా ఉంది. పాలియెస్టర్ దారానికి నూలు గుడ్డ వదిలిన రంగు అంటదు. దారం తెల్లగా, గుడ్డ గులాబీగా ఉందంటే ఆ రంగు పక్క బట్టది.

మార్చురీ అటెండరు యేసోబును పిలిచి అడిగాను. పెద్దమనిషి. దాచకుండా చెప్పేశాడు. శవాలు వచ్చినప్పుడు బట్టలు నల్ల బురదలో ముద్దగా ఉన్నాయి, ఏది ఏ రంగో తెలియలేదు. రోడ్డు తెగి పోలీసులు రావడం ఆలస్యమైంది. ఆయన రెండు చొక్కాలనూ ఒకే బకెట్లో వేడినీళ్ళు పోసి నానబెట్టాడు.

"ఆ బురదతో, ఆ వాసనతో ఇంట్లోవాళ్ళకి ఎట్ట చూపించేదమ్మా?" అన్నాడు.

కొత్త ఎర్ర నూలు గుడ్డ మొదటి ఉతుకుల్లో రంగు వదులుతుంది. వేడినీళ్ళయితే ఇంకా ఎక్కువ. తర్వాత వచ్చిన పోలీసులు తీగ మీద ఏది కనపడితే అదే పంచనామాలో రాశారు: గులాబీ రంగు చొక్కా.

హెడ్ కానిస్టేబుల్‌కు దారం చూపించాను. "నీ మాట మీద కాగితం మారదమ్మా. కంటికి కనపడాల" అన్నాడు. రంగు తీసి చూడటానికి డాక్టరు ఒప్పుకున్నారు. ముందు ఫోటోలు తీయించి, చొక్కాను నాకిచ్చారు. ఆ సాయంత్రంతో గడువు తీరిపోతుంది.

హైడ్రోస్ అనే పొడి వేస్తే రంగు క్షణాల్లో పోతుంది, కానీ దాంతో పాటు గుడ్డ సొంత రంగూ పోతుంది. మామూలు బ్లీచింగూ అంతే. నాకు కావలసింది నీలం గీతలు. అవి ఈ గులాబీ కింద మునిగి ఉంటే నిలవాలి. కాబట్టి ముందు చల్లటి నీళ్ళలో మూడుసార్లు జాడించి, తర్వాత గోరువెచ్చని నీళ్ళలో, గుడ్డ సొంత రంగును చెడగొట్టని ఆక్సిజన్ బ్లీచ్ కలిపి నానబెట్టాను. ఇస్త్రీ తగల్లేదు, గట్టి ఎండ తగల్లేదు, అందువల్ల రంగు ఇంకా పాతుకోలేదు. ఒక్కో జాడింపుకూ నీళ్ళు ఎర్రగా దిగాయి. వాటిని కాలవలో పారబోశాను.

ఆ కాలవ ఆసుపత్రి వరండా ముందు నుంచి పోతుంది. బస్సు రాక వెంగమ్మ ఆ వరండాలోనే కూర్చుని ఉందని నాకు తెలియదు. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో చూసుకుంటూ ఆమె కాలవ వెంబడి నడిచి వచ్చింది.

"ఏందమ్మా, ఈ నీళ్ళు ఎర్రంగా వస్తండాయి?"

టబ్బులో గాలి చిక్కి చొక్కా చెయ్యి ఒకటి ఉబ్బి నీళ్ళ పైకి లేచింది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

"ఇది ఆ చొక్కానే గదా?"

"అవునమ్మా."

"దాని రంగు దానికుంటే మీకేం నష్టం?" ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. "తీయబాకమ్మా. అట్నే ఉండనీ."

నేను చేతులు బయటికి తీసేశాను. కానీ ఆ మందుకు చేతులతో పని లేదు. సన్నటి బుడగలు లేస్తూనే ఉన్నాయి. చొక్కాను పైకి లాగేయగలిగేదాన్నే. మధ్యలో తీస్తే మచ్చలు పడతాయని ఊరుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న కారణం.

ఆమె టబ్బు పక్కన కూర్చుంది. యేసోబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ ముట్టుకోకుండానే ఆ గుడ్డ మా ముగ్గురి ఎదుట తెల్లబడుతూ వచ్చింది. ముందు చేతి అంచు, తర్వాత భుజాలు. ఎంతసేపటికో గుండీల పట్టీ పక్కన వెంట్రుకంత సన్నంగా ఒక నీలం గీత తేలింది. దాని పక్కన ఇంకోటి.

వెంగమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టి జోబీ పట్టుకుంది. మూల చిరిగిన చోట పెద్ద పెద్ద చేతికుట్లు ఉన్నాయి. వాటిని బొటనవేలితో తడిమింది.

"ఇది నేను కుట్టిందే" అంది.

ఏడవలేదు. చెయ్యి నీళ్ళలోంచి తీయకుండానే, "ఇంకోసారి జాడించాల్నా?" అని అడిగింది. జాడించాలన్నాను. మంచి నీళ్ళు పట్టి, ఆమే జాడించి, పిండి, హెడ్ కానిస్టేబుల్ చేతికిచ్చింది.

పంచనామాకు అదనపు వాంగ్మూలం జతచేశారు. చీకటి పడకముందే శవాన్ని ఊరికి తీసుకెళ్ళారు. యేసోబుకు మెమో ఇచ్చారు, ఉద్యోగం పోలేదు. ఎర్ర చొక్కా మనిషి కోసం నేనున్నన్నాళ్ళూ ఎవరూ రాలేదు.

నెల్లూరుకు తిరిగొచ్చాక మా లాండ్రీలో కొన్ని పద్ధతులు మార్చాను. ఊరూ పేరూ తెలియని వాళ్ళ బట్టలు ఎవరివి వాళ్ళకు విడి సంచిలో, చీటీతో. పోలీసులు చూసేదాకా వాటికి నీళ్ళు తగలకూడదు. ముదురు రంగు బట్ట ఏదైనా ముందు తడి తెల్ల గుడ్డతో ఒక మూల అద్ది చూడాలి, రంగు అంటితే చల్లటి నీళ్ళలో వేరుగా ఉతికి, కుప్పగా వదలకుండా వెంటనే ఆరెయ్యాలి.

కాగితం మీద పెట్టనిది ఇంకొకటి ఉంది. కాలరు కింద తెల్ల దారం కనపడగానే నాకు సంగతి తెలిసిపోయింది. నేను ముందు వెళ్ళవలసింది టబ్బు దగ్గరికి కాదు, ఆమెను వెతుక్కుంటూ వరండాలోకి. మరక తీయడం వచ్చినవాళ్ళు, ఆ మరక కింద ఏముందో ముందు మనిషికి చెప్పి, ఆ తర్వాతే నీళ్ళు పట్టాలి.