ఫైరు ట్యాంకులో జపాను జలాంతర్గామి

తన ఉద్యోగాన్ని తన చేతులతోనే ఏడడుగుల నీళ్లలో ముంచుకున్న మనిషిని మీరెప్పుడూ చూసి ఉండకపోతే, ఇప్పుడు చదవండి. ఆ మనిషిని నేనే. అదీ ఊరికే ముంచలేదు, గ్రాములతో సహా లెక్క వేసి మరీ ముంచాను.

పదో తరగతిలో లెక్కలు తప్పి, ఆ కసితో లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లులో కాంటా గుమాస్తాను. రైతు తెచ్చిన పత్తిని తూచి, తేమ ఎంతుందో చూసి, అంత బరువు తగ్గించి రాయడం నా పని. ముప్పై ఐదేళ్ల వయసులో నాకో పిచ్చి పట్టింది: రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాడిన ఇద్దరు మనుషుల బుల్లి జలాంతర్గామికి నమూనా చెయ్యాలని. సముద్రానికి ఇంత దూరంలో ఆ పిచ్చి ఎలా పట్టిందని అడక్కండి. మా ఆవిడ అడిగి అడిగి అలిసిపోయింది.

అసలుది ఇరవై నాలుగు మీటర్లు, నలభై ఆరు టన్నులు. నాది అందులో ఇరవయ్యో వంతు. పొడవు ఇరవయ్యో వంతైతే బరువు ఎనిమిది వేలవ వంతు కావాలని తెలిసినవాణ్ని మా వీధిలో నేనొక్కణ్నే. అంటే ఐదు కిలోల ఏడువందల యాభై గ్రాములు. బోరు పైపు కోసి, సీసం పేర్చి, పద్నాలుగు నెలలకు సరిగ్గా అంతకు తెచ్చాను. అడుగున చిల్లులున్న గది ఒకటి. అందులో నీళ్లు దూరితే మునుగుతుంది. సైకిలు పంపుతో గాలి కొడితే నీళ్లు బయటికి పోయి తేలుతుంది. సీసం ముక్కలు గలగలలాడుతున్నాయని ఆ గది సందుల్లో మెత్తగా పత్తి కూరాను. పత్తి మిల్లులో పత్తికి కరువా?

పరీక్షకు సరిపడా నీళ్లు ఒక్కచోటే ఉన్నాయి: నిప్పంటుకుంటే ఆర్పడానికి మిల్లులో కట్టిన ట్యాంకులో. ఆ రోజే పదకొండింటికి బీమా కంపెనీ సారు పంపు తనిఖీకి వస్తున్నాడు. నాకు పావుగంట చాలని లెక్క వేసి పదింబావుకు వెళ్లాను. పంపు చూసే పోశెట్టి అక్కడే ఉన్నాడు.

"కాంటా సారూ, గిదేంది? మోటరు పైపా?"

"జలాంతర్గామి. పద్నాలుగు నెలలు పట్టింది చేసెటందుకు. నీళ్లల్ల మునుగుతది."

"మునిగేదానికి పద్నాలుగు నెలలా? నన్నడిగితే బండరాయి ఇచ్చెటోణ్ని గద!"

"మల్ల తేలుతది కూడ."

"గట్లయితే జర సూపెట్టుండ్రి."

పిలవగానే పంక్తిలో కూర్చున్న చుట్టంలా, ఏ బెట్టూ లేకుండా మునిగింది. ఇల్లలకగానే పండగ కాదంటారు. మునగగానే జలాంతర్గామీ కాదు. గాలి కొట్టాను. బుడగలొచ్చాయి. ఇంకా కొట్టాను. గొట్టం ఊడొచ్చింది. జలాంతర్గామి రాలేదు.

"తేలుతదంటిరి?"

"ఆగు పోశెట్టీ, లెక్క చూస్తున్న."

"లెక్క మీదనే ఉన్నది సారూ, పడవే కిందున్నది."

అప్పుడు వెలిగింది. తడిసిన పత్తి నీళ్లను వదలదు! పదకొండేళ్లుగా ఊరందరి పత్తిలో తేమ పట్టుకున్న నేను, నా పత్తిలో మాత్రం తేమను మరిచాను.

ఇంతలో బీమా సారును వెంటబెట్టుకుని మిల్లు యజమాని సేటు అరగంట ముందే దిగాడు. పంపు తప్పితే మిల్లుకు తాళం, తప్పించినోడికి ఇంటిదారి అని పొద్దున్నే చెప్పి ఉన్నాడు. మోటరు వేశారు. నిప్పార్పే గొట్టం ముసలాయనలా రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"అరె, పానీ కిధర్ హై?" సేటు అరిచాడు. "పోశెట్టీ, మోటరు ఖరాబు చేసినవా? నీ పని ఇయ్యాల్టితో ఖతం!"

పోశెట్టి నా పేరు చెప్పలేదు. నా దిక్కు చూశాడు, అంతే. ఆ చూపు ఏ కాంటా మీదా తూగేది కాదు.

"సేట్, తప్పు నాది," అంటూ దూకేశాను. లోతు ఏడడుగులు, నేను ఐదున్నర, తేడా అడుగున్నరే అని గాలిలో ఉండగా లెక్క తేలింది. నాకు ఈత రాదని మాత్రం మునిగాక తేలింది. పోశెట్టి కొక్కెం కర్రతో నా కాలరు పట్టి లాగాడు. నేను జలాంతర్గామిని వదల్లేదు. దాని చిల్లుల్లోంచి జారి, పంపు నీళ్లు పీల్చే చోట జాలీకి చుట్టుకున్న పత్తి కూడా నాతోపాటే ఊడొచ్చింది. గొట్టం బుస్సున చిమ్మింది. సేటు టోపీ గేటు దాకా పోయింది.

బీమా సారు ఫారం తీశాడు. "పంపు పాస్. కానీ అడ్డం పడ్డదేందో రాయాలె. ఏందిది?"

నా ఛాతీ పొంగింది. "సార్, ఇది ఇరవయ్యో వంతు..."

"జలాంతర్గామి అని రాస్తే పైనుంచి ఇంకో తనిఖీ వస్తది. చెత్త అయితే ఒక్క సంతకంతో అయిపోతది. చెత్తేనా?"

సేటు నా వైపు చూశాడు. పోశెట్టీ చూశాడు. పద్నాలుగు నెలల శ్రమ నా చంకలోంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"చెత్తే సార్," అన్నాను.

ఆ మాట రాసి, కింద నాతోనే సంతకం పెట్టించాడు. ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి. అంత హాయిగా నేను జీవితంలో ఇంకే కాగితం మీదా సంతకం పెట్టలేదు.

అందుకే తూనికరాళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఈ జన్మలో నీళ్లలో మునిగే వస్తువేదీ చెయ్యను. ఒకవేళ చేతులు ఆగక చేసినా, ఏ అధికారికీ ఇబ్బంది లేకుండా, దాని మీద ముందే పెద్ద అక్షరాలతో "చెత్త" అని రాసి పెడతాను.